నావికుని ఇంధననీతి: జిమ్మీ కార్టరు జీవితము

మన పూర్వుల యిండ్లలో దీపము పెట్టు వేళకు గృహిణి నూనె సిద్దెను ఒకమారు వంచి చూచెడిది. ఎంత మిగిలినది, రేపటికి చాలునా, సంతదినము వచ్చువరకు ఆగునా అను లెక్క ఆ చూపుతోనే ముగిసెడిది. ఇల్లు నడపువారందరకును తెలిసిన యీ లెక్కను ఒక మహాదేశమునకు చెప్పబూని, ఆ దేశముచేత పదవినుండి తొలగింపబడిన యొక నాయకుని చరిత్రమును ఈ వ్యాసమున వివరింపదలచితిమి. ఆయన అమెరికా సంయుక్త రాష్ట్రముల 39వ అధ్యక్షుడు జిమ్మీ కార్టరు.

అమెరికా అధ్యక్షుని కథకు మన సంచికలో చోటేల యని కొందరడుగవచ్చును. మహారాష్ట్రమున స్థిరపడిన మన కుటుంబములకు ఆయన కథతో రెండు ముడులు కలవు. ఆయన తల్లి బొంబాయి శివారున రోగులకు సేవచేసినది. బొంబాయికి ఉత్తరమున, తారాపూరు అణువిద్యుత్కేంద్రమునకు కావలసిన ఇంధనము కొంతకాలము ఆయన సంతకముపై ఆధారపడియుండెను. ఆ రెండు సంగతులను వాని వాని స్థానములలో చెప్పుదుము. అయినను ఈ కథను చెప్పుటకు ముఖ్యకారణము వేరు. ప్రజలకు రుచింపని సత్యమును ప్రజలచే ఎన్నుకొనబడినవాడు చెప్పవచ్చునా, చెప్పినచో దాని ఫలమేమి అను ప్రశ్నకు ఆయన జీవితము ఒక సమాధానము.

కార్టరు 1924 అక్టోబరు 1వ తేదీన జార్జియా రాష్ట్రములోని ప్లెయిన్సు అను చిన్న యూరిలో జన్మించెను. తండ్రి వేరుసెనగ, ప్రత్తి పండించు రైతు, వ్యాపారి. తల్లి లిలియను నర్సు. ఆయన బాల్యము సమీపమునగల ఆర్చరీ పల్లెలోని పొలములో గడచెను. ఆ యింట చాలకాలము కిరసనాయిలు దీపములే వెలుగు నిచ్చెడివి. 1935లో రూజ్వెల్టు ప్రభుత్వము గ్రామీణ విద్యుదీకరణ సంస్థను స్థాపించెను. ఆ దశాబ్దము ముగియులోపల ఆ పల్లె పొలములకు విద్యుత్తీగలు వచ్చెను. తమ యింట దీపము మొదటిసారి వెలిగిన దినమును ఆయన వార్ధక్యమునను మరువలేదు. వెలుగు దానంతట అది రాదనియు, ఒక విధానము, ఒక శాసనము, ఒక సంస్థ దానిని తెచ్చుననియు ఆ బాలుడు కన్నులార చూచెను.

పల్లెటూరి బాలునికి సముద్రముపై మక్కువ కలుగుటకు కారణము నౌకాదళమున పనిచేయుచుండిన మేనమామ. ఆయన దూరదేశములనుండి వ్రాసిన ఉత్తరములు చదువుచు పెరిగిన కార్టరు 1943లో అన్నాపొలిసు నౌకావిద్యాలయమున చేరి, 1946లో పట్టభద్రుడయ్యెను. ఆ సంవత్సరమే తన యూరి కన్యయగు రోజలినును వివాహమాడెను. రెండేండ్లు యుద్ధనౌకలపై పనిచేసి, 1948లో జలాంతర్గాముల శాఖకు మారెను.

ఆనాటి జలాంతర్గామి నీటి క్రింద బ్యాటరీలతో నడచెడిది. లోపలి గాలి, విద్యుత్తు రెండును పరిమితములే. బ్యాటరీలు తరిగినచో నీటిపైకి గాని, గాలిగొట్టము నీటిపైకి చాపుటకు వీలగునంత ఎత్తునకు గాని వచ్చి, డీజిలు యంత్రములను నడపి మరల వానిని నింపుకొనవలెను. శత్రువు పైన కాచియున్నచో ఆ అవకాశముండదు. కావున అచటి అధికారి దీపమొకటి అనవసరముగా వెలుగుచున్నను గమనింపక తప్పదు. పామ్‌ఫ్రెటు, కే-1 అను రెండు జలాంతర్గాములలో కార్టరు ఈ విద్య నేర్చెను. అధ్యక్షుడైన పిమ్మట శ్వేతసౌధములోని గదుల వెచ్చదనమును సయితము తగ్గింపజూచిన ఆ స్వభావమునకు మూలము ఇచటనే యున్నదని మాకు తోచుచున్నది.

1952లో ఆయన జీవితమున గొప్ప మలుపు వచ్చెను. అణుశక్తితో నడచు జలాంతర్గాములను నిర్మించుచుండిన హైమను రికోవరు అను నౌకాధికారి తన పనికి యువకులను తానే పరీక్షించి ఎన్నుకొనుచుండెను. ఆ పరీక్ష రెండు గంటలకు పైగా సాగెను. నౌకావిద్యాలయమున నీ స్థాన మేమని రికోవరు అడుగగా, కార్టరు గర్వముతో చెప్పెను. శక్తికొలది కృషి చేసితివా యని రికోవరు మరల అడిగెను. ఎల్లప్పుడును చేయలేదని కార్టరు నిజము నొప్పుకొనెను. ఏల చేయలేదని మాత్రము అడిగి, రికోవరు తన కుర్చీని అటు త్రిప్పుకొనెనట. ఆ ప్రశ్న కార్టరును జీవితాంతము వెంటాడెను. 1975లో వెలువడిన తన ఆత్మకథకు ఆయన ఆ ప్రశ్ననే పేరుగా పెట్టెను.

ఆ డిసెంబరు 12వ తేదీన కెనడాలోని చాక్ రివరు వద్ద ఎన్.ఆర్.ఎక్స్. అను అణు రియాక్టరు చెడి, అందలి ఇంధనము కొంత కరగిపోయెను. వికిరణముతో కలుషితమైన నీరు లక్షల లీటర్ల కొలది నేలమాళిగను నింపెను. దానిని విప్పి శుభ్రము చేయుటకు అమెరికా నౌకాదళము కూడ మనుష్యులను పంపెను. వారిలో ఒక జట్టునకు 28 ఏండ్ల కార్టరు నాయకుడు. సమీపమున టెన్నిసు ఆడు స్థలముపై ఆ రియాక్టరునకు ప్రతిరూపమును కట్టి, ఏ మరను ఎవరు ఎట్లు విప్పవలెనో ముందుగా అభ్యసించిరి. పిమ్మట ముగ్గురు చొప్పున లోనికి దిగి, ఒక్కొక్కమారు సుమారు ఒకటిన్నర నిమిషము మాత్రమే పనిచేసి పైకి వచ్చిరి. అంతకు మించి నిలిచినచో శరీరమునకు ప్రమాదము. తరువాత కొన్ని నెలలవరకు వారి దేహములను పరీక్షించుచునే యుండిరి. అణుశక్తిని దేవతగా పూజించిన నాయకులు కలరు, భూతముగా భయపడినవారు కలరు. దానిలోనికి దిగి మరలు విప్పినవాడు మాత్రము ఈయనయే.

ఈ సందర్భమున మనవారు గుర్తింపదగిన సంగతి యొకటి కలదు. బొంబాయి చెంత ట్రాంబేలో కెనడా సహాయముతో నిర్మింపబడి 1960లో పని ప్రారంభించిన సైరసు రియాక్టరు ఈ ఎన్.ఆర్.ఎక్స్. నమూనాననుసరించి కట్టినదే. దానినుండి లభించిన ప్లూటోనియముతోనే 1974 మే 18న పోఖ్రానులో మన దేశము అణుపరీక్ష జరిపెను. ఆ పరీక్ష ఫలితము కొన్నియేండ్లకు కార్టరు బల్లపైకి వచ్చిన విధమును ముందు చూతము.

1953 జులైలో తండ్రి మరణించెను. రోగశయ్య ప్రక్కన కూర్చున్నప్పుడు, తండ్రికి కృతజ్ఞత తెలుప వచ్చిన యూరివారిని చూచి కుమారుని మనసు మారెను. భార్య ఎంతమాత్రము ఇష్టపడకున్నను ఆయన ఆ అక్టోబరులో నౌకాదళమును వీడి ప్లెయిన్సుకు మరలెను. మొదటి యేడు అనావృష్టి. ఆదాయము దాదాపు లేదు. పేదలకై ప్రభుత్వము కట్టించిన యింట కుటుంబముతో కాపురముండి, వేరుసెనగ విత్తనముల వ్యాపారమును క్రమముగా నిలబెట్టెను. 1963లో జార్జియా శాసనసభలోని సెనేటునకును, 1971లో గవర్నరు పదవికిని వచ్చెను.

గవర్నరుగా ఉన్నప్పుడే 1973 అక్టోబరులో అరబ్బు దేశములు అమెరికాకు చమురు నిలిపివేసెను. కొన్ని నెలలలో పీపా ధర సుమారు 3 డాలర్లనుండి 12 డాలర్ల దరికి పోయెను. చౌక చమురుపై కట్టుకొన్న జీవితము ఎంత సన్నని స్తంభముపై నిలిచియున్నదో అమెరికనులు అప్పుడు చూచిరి. చూచి, ధర నిలకడకు రాగానే మరచిరి. కార్టరు మరువలేదు.

1977 జనవరి 20న ఆయన అధ్యక్షుడయ్యెను. ఆ శీతకాలము అతితీవ్రము. సహజవాయువు చాలక అనేక కర్మాగారములు, పాఠశాలలు మూతపడెను. పదవి చేపట్టి రెండువారములైనను కాకమునుపే, ఫిబ్రవరి 2న, ఆయన ఉన్ని స్వెట్టరు ధరించి, మండుచున్న పొయ్యి ప్రక్కన కూర్చుండి, టెలివిజనులో దేశముతో మాటలాడెను. ఇండ్లలో వేడిని పగలు 65, రాత్రి 55 ఫారన్‌హీటు డిగ్రీలకు తగ్గించుకొనుడని కోరెను. స్వెట్టరు నటనయని నవ్వినవారును కలరు. ఇంటి పెద్ద పిల్లలతో మాటలాడినట్లున్నదని మెచ్చినవారును కలరు. ఏప్రిల్ 18న మరల మాటలాడుచు, యుద్ధము తప్ప మరి యే సమస్యయు మన జీవితకాలమున ఇంతటిది కాబోదని హెచ్చరించెను.

మాటలతో ఆయన ఆగలేదు. ఇంధన విషయములు అనేక కార్యాలయములలో చెల్లాచెదరుగా నుండెను. వానినన్నిటిని ఒకచోట కూర్చి ఇంధన మంత్రిత్వశాఖను స్థాపించు శాసనముపై 1977 ఆగస్టు 4న సంతకము చేసెను. అక్టోబరు 1న అది పని ప్రారంభించెను. జేమ్సు ష్లెసింజరు దానికి తొలి మంత్రి. మరుసటి యేడు నవంబరు 9న అయిదు శాసనముల సముదాయమగు జాతీయ ఇంధన చట్టము వచ్చెను. పెట్రోలు అధికముగా త్రాగు కార్లపై పన్ను, ఇండ్లపై సౌరపరికరములు అమర్చుకొనువారికి పన్నులో తగ్గింపు మున్నగునవి అందు కలవు.

ఆ అయిదింటిలో ఒక నిబంధన ఆనాడు పెద్దగా ఎవరి దృష్టికిని రాలేదు. అంతకుముందు ఒక్కొక్క ప్రాంతమున విద్యుత్తు ఒకే కంపెనీ చేతిలో నుండెను. గాలిమరలు పెట్టిన రైతు గాని, తన కర్మాగారపు వేడితో విద్యుత్తు చేసిన వ్యాపారి గాని ఆ కంపెనీ తీగలకు అమ్మబోయినచో, అది కొనుటకు నిరాకరింపవచ్చును. క్రొత్త శాసనము అట్టివారి విద్యుత్తును కంపెనీ కొనితీరవలెననెను. ధర యెంత? ఆ విద్యుత్తును కంపెనీ తానే తయారుచేసినను, వేరొకచోట కొన్నను ఎంత వ్యయమగునో అంత. ఈ చిన్న ద్వారమునుండియే 1980ల ఆరంభమున కాలిఫోర్నియా కొండలపై వేలకొలది గాలిమరలు లేచెను.

1979వ సంవత్సరము ఆయనకు కఠినముగా గడచెను. ఇరానులో విప్లవము వచ్చి చమురు కొరతయయ్యెను. పెట్రోలు బంకుల ముందు కార్లు బారులు తీరెను. మార్చి 28న పెన్సిల్వేనియాలోని త్రీ మైలు ఐలండు రియాక్టరు ప్రమాదమునకు లోనయ్యెను. ప్రజలు భయముతో ఊళ్లు విడుచుచుండగా, ఏప్రిల్ 1న కార్టరు భార్యతో కూడ ఆ కేంద్రములోనికి పోయి చూచివచ్చెను. చాక్ రివరు అడుగునకు దిగినవానికి అచట ఏమి చూడవలెనో తెలియును గదా! జూన్ 20న శ్వేతసౌధపు పశ్చిమభాగమున కప్పుపై నీరు కాచుటకై 32 సౌరఫలకములను ప్రారంభించుచు, ఒక తరము గడచునప్పటికి ఇవి వింతవస్తువులై ప్రదర్శనశాలకు పోవచ్చును, లేదా గొప్ప సాహసమునకు తొలిమెట్టు కావచ్చును అను భావమును ఆయన తెలిపెను.

జులైలో పదిదినములు కాంపు డేవిడులో పలువురు ప్రజలను పిలిపించి వారి మాటలు వినెను. 15వ తేదీ రాత్రి దేశము నుద్దేశించి ప్రసంగించెను. మన కొరత చమురునకు మాత్రమే కాదు, విశ్వాసమునకు కూడ. ఎంత కలదో దానినిబట్టి మనిషిని కొలుచుట అలవాటైనది. వస్తువులు కూడబెట్టినంతమాత్రమున జీవితమునకు అర్థము చేకూరదు అనునది దాని సారము. మొదట ప్రజలు మెచ్చిరి. రెండుమూడు దినములకే ఆయన మంత్రులలో పలువురిని తొలగింపగా, ప్రభుత్వము కూలుచున్నదను భావము వ్యాపించెను. ధరల పెరుగుదల, ఇరానులో బందీలైన అమెరికనుల వ్యవహారము తోడయ్యెను. 1980 నవంబరు 4న రొనాల్డు రీగను చేతిలో ఆయన 50 రాష్ట్రములలో 44 ఓడిపోయెను. 1986లో కప్పు మరమ్మతు నెపమున ఆ సౌరఫలకములు క్రిందికి దిగెను.

ఇక మన ముడులను విప్పుదము. 68 ఏండ్ల ప్రాయమున పీసు కోరులో చేరిన లిలియను, 1966 మొదలు 1968 వరకు బొంబాయి శివారునగల విక్రోళిలో, గోద్రెజు పనివారల కాలనీలో రోగులకు సేవచేసినది. వృద్ధురాలైన తెల్లజాతి స్త్రీ పనివాడల నడుమ నర్సుగా తిరుగుట ఆ రోజులలో వింత. 1978 జనవరి ఆరంభమున అధ్యక్షుడైన కుమారుడు మన దేశమునకు వచ్చి, ఢిల్లీకి సమీపమున హర్యానాలోని దౌలతాపూరు నసీరాబాదు గ్రామమును దర్శించెను. ఆ గ్రామము పిమ్మట కార్టర్‌పురి యని పేరు మార్చుకొనెను.

పూలమాలల వెనుక మాత్రము కఠినమైన వ్యవహారము నడచుచుండెను. 1963లో చేసికొన్న ఒప్పందముప్రకారము తారాపూరు కేంద్రమునకు అమెరికా 30 ఏండ్లు యురేనియము ఇయ్యవలెను. 1969లో పనికి వచ్చిన ఆ కేంద్రము మహారాష్ట్ర, గుజరాతులకు విద్యుత్తు నిచ్చుచుండెను. పోఖ్రాను పరీక్ష పిమ్మట అమెరికా కాంగ్రెసు పట్టుబిగించెను. తమ అణుకేంద్రములన్నిటిని తనిఖీకి తెరువని దేశములకు ఇంధన మీయరాదను శాసనముపై 1978 మార్చిలో కార్టరే సంతకము చేసెను. మొరార్జీ దేశాయి అట్టి తనిఖీకి ఒప్పుకొనలేదు. ఇచ్చిన మాటను క్రొత్త శాసనము చూపి తప్పుట యేమి ధర్మమని మన దేశ మడిగెను. ఆ ప్రశ్న న్యాయమైనదనియే మా అభిప్రాయము. తుదకు కార్టరు 1980లో తన దేశపు అణునియంత్రణ సంఘము కాదన్నను త్రోసిరాజని, సుమారు 38 టన్నుల ఇంధనమును పంప నిశ్చయించెను. ప్రతినిధిసభ వ్యతిరేకించెను. సెప్టెంబరు 24న సెనేటు 48కి 46 వోట్లతో, రెండే వోట్ల యాధిక్యముతో, ఆయన పక్షమున నిలిచెను. ఓటమి ఎదుట నిలిచియున్న ఎన్నికల వేళ, తన దేశమున ఒక్క వోటును తెచ్చిపెట్టని పనికై ఆయన అంత శ్రమపడుట గమనింపదగినది. 1982లో ఫ్రాన్సు ఆ ఇంధనభారమును వహింప నంగీకరించెను.

కార్టరు నీతిని నిర్దోషమని మేమనజాలము. చమురు మానుటకై నేలబొగ్గు ఉత్పత్తిని మూడింట రెండు వంతులు పెంచవలెనని ఆయన 1977 పథకము కోరెను. బొగ్గు పొగ భూమిని వేడెక్కించునని ఆయన శాస్త్రసలహాదారు ఆ సంవత్సరము జులైలోనే హెచ్చరిక వ్రాసియుండెను. బొగ్గునుండి, రాతిపొరలనుండి చమురు తీయుటకై 1980లో స్థాపించిన ప్రభుత్వసంస్థ ఆరేండ్లకే మూతపడెను. పొదుపు బోధించిన ఆయనయే 1980 జనవరిలో, పారశీక సింధుశాఖపై పరుల ఆధిపత్యమును సైనికబలముతోనైనను అడ్డుదుమని ప్రకటించెను. ఆ మాట వెంట తరువాత ఎన్ని యుద్ధనౌకలు ఆ జలములకు పోయెనో లోకమునకు తెలియును.

అయినను లెక్క లెక్కయే. అమెరికా నికరముగా దిగుమతిచేసికొన్న చమురు 1977లో దినమునకు సుమారు 86 లక్షల పీపాలు. 1982లో సుమారు 43 లక్షలు. అలాస్కా చమురు, అధికధరలు, ఆర్థికమాంద్యము కూడ దీనికి కారణములే. కాని కార్లు తక్కువ త్రాగుట, ఇండ్లు వేడిని నిలుపుకొనుట, చమురు మండించు విద్యుత్కేంద్రములు తగ్గుట అను మార్పులకు ఆ నాలుగేండ్ల శాసనములు తోడ్పడెననుట సత్యము. ఫలము పండునప్పటికి నాటినవాడు గద్దెపై లేడు.

పదవి పోయిన పిమ్మట కార్టరు ప్లెయిన్సులోని తన సామాన్యమైన యింటికే మరలి, రోగనివారణకును, శాంతికిని పాటుపడి, 2002లో నోబెలు శాంతి బహుమానమును పొందెను. ఆయన పేరు పెట్టబడిన ఒక అణుజలాంతర్గామి 2005లో అమెరికా నౌకాదళమున చేరెను. శ్వేతసౌధపు కప్పు దిగిన ఫలకములలో కొన్ని మెయిను రాష్ట్రపు కళాశాల భోజనశాలకు నీరు కాచెను. మరికొన్ని నిజముగనే ప్రదర్శనశాలలకు చేరెను. ఆయన తెలిపిన రెండు భవిష్యత్తులును ఇట్లు కొంతకొంత ఫలించెను.

2017లో, 92 ఏండ్ల వయసున, తన వేరుసెనగ పొలములో పదియెకరములను సౌరవిద్యుత్తునకు కౌలుకిచ్చెను. అచట 3,852 ఫలకములు నిలిచెను. ప్లెయిన్సుకు కావలసిన విద్యుత్తులో సగమునకు మించి ఆ పొలము ఇయ్యగలదని లెక్క. కిరసనాయిలు దీపముక్రింద చదువుకొన్న బాలుడు తన యూరికి తన నేలనుండియే వెలుగు నిచ్చెను. నూరేండ్లు నిండిన పిమ్మట, 2024 డిసెంబరు 29న, ఆ యూరనే ఆయన కన్నుమూసెను.

మొదట వేసిన ప్రశ్నకు ఇపుడు సమాధానము చెప్పవచ్చును. రుచింపని సత్యము చెప్పినవానికి ప్రజలు వోటు వేయకపోవచ్చును. కాని ఆ సత్యమును శాసనముగా, సంస్థగా, ఒక తీగకు ఒక హక్కుగా మార్చినచో, అది వోటుతో పోదు. పరభాషల నడుమ తరతరములుగా నివసించుచున్న మనకు ఇది క్రొత్త సంగతి కాదు. మనము నేడు కూర్చున్న సమాజమందిరములను, చదివిన తెలుగు బడులను నిలిపిన పెద్దలు తమ కాలమున, ఇంత వ్యయమేల యను మాటలు పడియేయుందురు. వారు నూనె సిద్దెను వంచి చూచినది తమ రాత్రికొరకే కాదు.